చప్పట్లతో ముగిసే నాటిక ఎవరిని కాపాడుతుంది?

మార్చి 8 వచ్చినా, నవంబర్ 25 నుంచి డిసెంబర్ 10 వరకు సాగే పదహారు రోజుల ప్రచారం వచ్చినా, దేశమంతటా బడులలో, కాలేజీలలో గృహహింస మీద ఒక నాటిక తప్పక ఉంటుంది. తాగి తూలుతూ వచ్చే భర్త, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చే భార్య, మూల నక్కిన పిల్ల. పదో నిమిషంలో పోలీసు టోపీ పెట్టుకున్న విద్యార్థిని ప్రవేశిస్తుంది. భర్త చేతికి అట్టముక్క బేడీలు పడతాయి. పాత్రలన్నీ వరుసగా నిలబడి స్త్రీలను గౌరవించాలని ముక్తకంఠంతో పలుకుతాయి. ముఖ్య అతిథి షీల్డు అందజేస్తారు, ఫోటో తీస్తారు, శాఖాపరమైన నివేదికలో 'అవగాహన కార్యక్రమం నిర్వహించడమైనది' అన్న వాక్యం చేరుతుంది. ఆ సాయంత్రం పిల్లలు ఏ ఇళ్ల నుంచి వచ్చారో ఆ ఇళ్లకే తిరిగి వెళతారు.

గృహహింస గురించి విద్యార్థులకు చెప్పడానికి నాటకం కంటే పదునైన సాధనం మరొకటి లేదు. పదునైనది గనుకనే దానిని మొద్దుబార్చి వాడుతున్నారు. ప్రభుత్వాలకు, విద్యాశాఖలకు, కొన్ని స్వచ్ఛంద సంస్థలకు కూడా కావలసినది పాఠం కాదు, కార్యక్రమం. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను కప్పిపెట్టడమే నేటి 'అవగాహన' పరిశ్రమ చేస్తున్న పని.

అంకెలు ఏం చెబుతున్నాయి?

ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వివాహమైన 18–49 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022లో స్త్రీలపై నేరాల కింద లెక్కించిన 4,45,256 కేసులలో 31.4 శాతం భర్త, అతని బంధువుల క్రూరత్వానికి సంబంధించినవే. వీధిలో ఎదురయ్యే అపరిచితుడి గురించి బడి ఆడపిల్లలను ఎంతగా హెచ్చరించినా, నేరాల పట్టికలో అగ్రస్థానం మాత్రం ఇంటిదే.

ఇంతకంటే కలవరపెట్టే అంకె మరొకటి ఉంది. భర్త భార్యను కొట్టడానికి కనీసం ఒక కారణమైనా సబబేనని అదే సర్వేలో దేశవ్యాప్తంగా 45 శాతం స్త్రీలు, 44 శాతం పురుషులు అంగీకరించారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు మాట్లాడడం, అత్తమామలను అగౌరవపరచడం వంటివి ఆ కారణాలు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఇలా అంగీకరించిన స్త్రీలు దాదాపు 84 శాతం. దేశంలో అత్యధిక శాతాలలో ఇవి ఉన్నాయి. స్వయం సహాయక సంఘాల ఉద్యమానికి పుట్టినిల్లుగా, సారా వ్యతిరేక పోరాటానికి ప్రతీకగా చెప్పుకునే నేలమీద నమోదైన అంకె ఇది.

ఆ 84 శాతం అజ్ఞానం కాదు. కొడితే నేరమని తెలియని వారు వారిలో బహుశా తక్కువే. అది ఇంట్లో చూసి చూసి నేర్చుకున్న పాఠం. తండ్రి తల్లిని కొట్టడం చూస్తూ పెరిగిన స్త్రీలు తామూ భర్త చేతిలో దెబ్బలు తినే అవకాశం ఎక్కువని ఆ సర్వేలే వరుసగా చెబుతున్నాయి. బిడ్డకు ఇల్లే మొదటి రంగస్థలం. ఎవరు గొంతు పెంచవచ్చు, ఎవరు తల వంచాలి, ఎవరి పళ్లెంలో ముందు వడ్డించాలి అన్నవి అక్కడ ఉపన్యాసం ద్వారా కాక అభినయం ద్వారా అబ్బుతాయి. చూసి నేర్చిన దానిని చెప్పి మాన్పించలేరు. మరొకటి చూపించి, చేయించి మాత్రమే మాన్పించగలరు. నాటకానికి బడిలో చోటు ఉండాలనడానికి అసలు కారణం ఇదే. అది వినోదంతో కూడిన ఉపన్యాసం కావడం వల్ల కాదు.

నాటకం అలంకారంగా పుట్టలేదు

తెలుగు నాటక ప్రదర్శన చరిత్రే విద్యార్థులతో మొదలైంది. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించినప్పుడు దాని గురి ఊళ్లోని న్యాయవాదుల అక్రమాలు. 1892లో విజయనగరంలో రంగస్థలం ఎక్కిన గురజాడ 'కన్యాశుల్కం' పసిపిల్లలను ముసలివారికి అమ్ముకునే అగ్రహారాల గుట్టు విప్పింది. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం' కట్నాన్ని అంగడి సరుకు బేరంగా చూపింది. ఈ నాటకాలు ఎవరినీ నొప్పించకుండా అందరినీ మెప్పించాలని పుట్టినవి కావు. ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషులే వాటిలో పాత్రలు.

ఉత్తరాదిన ఆ వారసత్వం వీధికెక్కింది. 1979–80 ప్రాంతంలో ఢిల్లీలో కొత్త కోడళ్లు 'స్టవ్ ప్రమాదాలలో' కాలిపోతున్న రోజులవి. పోలీసులు వాటిని కుటుంబ వ్యవహారాలుగా కొట్టిపారేస్తున్న దశలో 'ఓం స్వాహా' అనే వీధి నాటకం కాలేజీలలో, కాలనీలలో ఆడింది. 1979లోనే జన నాట్య మంచ్ 'ఔరత్'ను ప్రదర్శించింది. బాలికగా, విద్యార్థినిగా, భార్యగా, కార్మికురాలిగా స్త్రీ ఎదుర్కొనే అణచివేతను అది ఒకే గొలుసులోని లంకెలుగా చూపింది. ఈ నాటకాలు, ఊరేగింపులు, కూతుళ్లను పోగొట్టుకున్న తల్లుల ధర్నాలు అన్నీ కలిసి సృష్టించిన ఒత్తిడి ఫలితమే 1983లో శిక్షాస్మృతిలో చేరిన 498–ఎ, 1986లో చేరిన వరకట్న మరణం సెక్షన్. 'ఔరత్' ఆడిన ఆ బృందంలోని సఫ్దర్ హష్మీపై 1989 జనవరి 1న సాహిబాబాద్‌లో నాటకం ఆడుతుండగానే దాడి జరిగింది. మరునాడు ఆయన మరణించారు. జనవరి 4న మొలయశ్రీ హష్మీ, ఆమె సహచరులు అదే చోటికి వెళ్లి ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేశారు.

సరిహద్దుకు ఆవల కథ కూడా వేరు కాదు. జియా ఉల్ హక్ సైనిక పాలనలో స్త్రీల సాక్ష్యం విలువనే సగానికి కుదించే చట్టాలు వస్తున్న కాలంలో కరాచీలో షీమా కిర్మానీ 'తెహ్రీక్–ఎ–నిస్వాన్', లాహోర్‌లో 1984లో మదీహా గౌహర్ స్థాపించిన 'అజోకా' నాటకాన్నే ఆయుధంగా ఎంచుకున్నాయి. నేపాల్‌లో 'కచహరీ నాటకం' పేరుతో ప్రేక్షకులనే తీర్పరులను చేసే ప్రక్రియ వేళ్లూనింది. దక్షిణాసియాలో ఇంటి గోడల మధ్య హింసను బహిరంగ విషయం చేసిన వారిలో నటీనటులు ముందు వరుసలో ఉన్నారు. అటువంటి ప్రక్రియను పదిహేను నిమిషాల పోటీ అంశంగా కుదించడం చరిత్ర పట్ల కూడా అపచారమే.

పోటీ నాటిక చెప్పే మూడు అబద్ధాలు

మొదటి అబద్ధం: కొట్టేవాడు తాగుబోతు. బడి నాటికలో భర్త దాదాపు ఎప్పుడూ లుంగీ కట్టుకున్న కూలీ. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాగకుండా, గొంతు పెంచకుండా భార్య జీతం వచ్చే ఖాతా కార్డును తన జేబులో పెట్టుకునే ఉద్యోగి ఆ నాటికలో కనిపించడు. 2005 గృహహింస నిరోధక చట్టం మూడవ సెక్షన్ శారీరక, లైంగిక హింసతో పాటు మాటల ద్వారా, మానసికంగా జరిగే హింసను, ఆర్థిక హింసను కూడా స్పష్టంగా గుర్తించింది. చట్టం 2006 అక్టోబర్‌లో అమలులోకి వచ్చింది. బడి నాటిక మాత్రం ఇంకా సారా సీసా దగ్గరే ఆగిపోయింది. దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మద్యం ముట్టని తండ్రి ఉన్న పిల్లవాడు తన ఇంట్లో జరిగేది హింస కాదన్న నిర్ధారణతో ఇంటికి వెళతాడు.

రెండవ అబద్ధం: చివరికి పోలీసు వస్తాడు. హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. సాయం కోరినవారు 14 శాతమే. అదీ ఎక్కువగా పుట్టింటివారినే తప్ప పోలీసులను కాదు. చట్టం ప్రకారం బాధితురాలికీ న్యాయస్థానానికీ మధ్య వారధిగా నిలవవలసిన వాడు సంరక్షణాధికారి. ఆ అధికారులను జిల్లా, తాలూకా స్థాయిలో గుర్తించి నియమించాలని, చట్టానికి ప్రచారం కల్పించాలని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. చట్టం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు. అంటే నాటికలో పదో నిమిషంలో ప్రత్యక్షమయ్యే రక్షకుడు వాస్తవంలో రెండు దశాబ్దాలు ఆలస్యంగా కూడా రాలేదు. రాజ్యం రాని చోట వచ్చినట్టు చూపే నాటికను రాజ్యమే బహుమతులిచ్చి ప్రోత్సహించడంలో ఆశ్చర్యమేముంది?

పైగా ఆ రాజ్యం వైఖరి కూడా నాటికలో కనబడినంత నిష్కళంకం కాదు. భార్య సమ్మతి లేని లైంగిక చర్యను అత్యాచారపు నిర్వచనం నుంచి మినహాయించే నిబంధన భారతీయ న్యాయ సంహితలోనూ కొనసాగింది. 2024 అక్టోబర్‌లో కేంద్రం సుప్రీంకోర్టుకు సమర్పించిన ప్రమాణపత్రంలో దానిని అత్యాచారంగా పరిగణించడం మితిమీరిన కాఠిన్యం అవుతుందని వాదించింది. పన్నెండో తరగతి చదువుతూ ఏడాదిలో ఓటు హక్కు పొందబోయే విద్యార్థులకు ఈ విషయం చెప్పకుండా గృహహింస పాఠం పూర్తి అయిందనడం ఏ రకం నిజాయితీ?

మూడవ అబద్ధం: ఇది ఆడపిల్లల పాఠం. నాటికలో పాత్రలన్నీ అమ్మాయిలే, మీసాలు అతికించుకున్న భర్తతో సహా. అబ్బాయిలు కుర్చీలు సర్దుతారు, మైకు పట్టుకుంటారు, భర్త దెబ్బ వేసినప్పుడు వెనుక వరుసలో నవ్వుతారు. 'ధైర్యంగా ఉండు, ఫిర్యాదు చేయి' అన్న బోధ మొత్తం దెబ్బలు తినబోయే వారికే. కొట్టబోయే వారికి గాని, కొడుతుంటే చూస్తూ ఊరుకోబోయే వారికి గాని ఆ రోజు పాఠం లేదు.

ఆపి, మార్చి, మళ్లీ ఆడే నాటకం

బ్రెజిల్ రంగస్థల కారుడు అగస్తో బోల్ రూపొందించిన 'ఫోరం థియేటర్' పద్ధతిని పశ్చిమ బెంగాల్‌లో 1985 నుంచి సంజయ్ గంగూలీ నాయకత్వాన 'జన సంస్కృతి' బృందం గ్రామాలలో వాడుతున్నది. కట్నం, తాగుడు, ఇంటి హింస అందులో పదే పదే వచ్చే ఇతివృత్తాలు. పద్ధతి సరళమైనది. ఒక అన్యాయ ఘట్టాన్ని దాని చేదు ముగింపు వరకు ఒకసారి ఆడతారు. తర్వాత మళ్లీ మొదటి నుంచి ఆడుతూ, ఎక్కడైనా ఆపమని ప్రేక్షకులను కోరతారు. ఆపినవారు లేచి వచ్చి అణచివేతకు గురైన పాత్ర స్థానంలో నిలబడి తమ ఉపాయాన్ని చేసి చూపాలి. కొట్టేవాడి పాత్రను తీసుకుని రాత్రికి రాత్రి అతన్ని మంచివాడిగా మార్చేస్తే కుదరదు. ఎందుకంటే జీవితంలో అది బాధితురాలి చేతిలో లేదు.

ఒక తొమ్మిదో తరగతి గదిలో దీన్ని ఊహించుకోవచ్చు. భార్య తన జీతం కార్డు అడుగుతుంది, భర్త ఇవ్వడు, అత్తగారు కొడుకు పక్షం వహిస్తుంది, పక్కింటివారు టీవీ శబ్దం పెంచుతారు. ఒక అమ్మాయి ఆపి, భార్య స్థానంలోకి వచ్చి గట్టిగా అడుగుతుంది. భర్త పాత్రలోని అబ్బాయి తడుముకోడు. 'నీకేం లోటు చేశాను?' అన్న మాట అతని నోట రెడీగా ఉంటుంది. ఆ మాట ఎక్కడ విన్నాడో అతనికే ఆ క్షణాన తడుతుంది. మరొకరు పుట్టింటికి ఫోన్ చేస్తారు. అవతలి నుంచి తండ్రి పాత్ర 'సర్దుకుపోవాలమ్మా' అంటుంది. ఇంకొక అబ్బాయి లేచి, పక్కింటివాడి పాత్ర తీసుకుని తలుపు తడతాడు. ఏ ఉపాయం ఎంతవరకు పనిచేసిందో, ఎందుకు ఆగిపోయిందో తరగతి అంతా చర్చించుకుంటుంది. 'ఆమె వదిలేసి వెళ్లిపోవచ్చు కదా' అన్న తేలిక మాట ఆ గదిలో అంత తేలికగా మళ్లీ వినబడదు. షీల్డు ఇవ్వడానికి అందులో విజేతలెవరూ ఉండరు. అందుకే అది అధికారులకు నచ్చదు.

అయితే ఒక ప్రదర్శనతో మనసులు మారిపోతాయన్న భ్రమ కూడా వద్దు. హర్యానాలో 314 ప్రభుత్వ పాఠశాలలను తీసుకుని, వాటిలో ఎంపిక చేసిన బడుల పిల్లలతో 'బ్రేక్‌త్రూ' సంస్థ రెండున్నర ఏళ్లపాటు లింగ సమానత్వంపై తరగతులు నడిపింది. ఆర్థికవేత్తలు దానిని అధ్యయనం చేశారు. సుమారు మూడు వారాలకొకసారి 45 నిమిషాల తరగతి అది. తిరోగామి అభిప్రాయాలలో 16 శాతం మారాయని, కార్యక్రమం ముగిశాక కూడా ఆ మార్పు నిలిచిందని, అబ్బాయిలు ఇంటి పనిలో ఎక్కువ పాలుపంచుకుంటున్నట్టు చెప్పారని తేలింది. రెండున్నర ఏళ్ల కృషికి 16 శాతం. అది చిన్న ఫలితం కాదు. కానీ ఏడాదికి ఒక మధ్యాహ్నం జరిగే నాటికకు ఎంత ఫలితం ఆశించవచ్చో దానిని బట్టి ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

అభ్యంతరాలలో బలమున్నవి, లేనివి

కుటుంబ వ్యవస్థ కూలిపోతుందన్నది మొదటి అభ్యంతరం. దెబ్బ గురించి మాట్లాడితేనే కూలిపోయే కుటుంబాన్ని నిలబెడుతున్నది ప్రేమ కాదు, దెబ్బే. దీనికి ఇంతకుమించిన సమాధానం అవసరం లేదు.

పిల్లలు చిన్నవారు, ఇవన్నీ ఎందుకన్నది రెండవది. చూడడానికి చిన్నవారు కానివారు మాట్లాడడానికి మాత్రం చిన్నవారెలా అవుతారు? తలుపు మూసినంత మాత్రాన పక్క గదిలోని పిల్లలకు చప్పుడు వినబడకుండా పోదు.

బడిలో రాజకీయాలు వద్దన్నది మూడవది. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది. 2020 జనవరిలో కర్ణాటకలోని బీదర్‌లో పౌరసత్వ చట్టంపై చిన్న పిల్లలు వేసిన నాటికకు ఒక పాఠశాలపై రాజద్రోహం కేసు పెట్టారు. ప్రధానోపాధ్యాయురాలు, ఒక విద్యార్థిని తల్లి జైలుకు వెళ్లారు. పోలీసులు పిల్లలను మళ్లీ మళ్లీ ప్రశ్నించారు. 2023 జూన్‌లో హైకోర్టు ఆ కేసును కొట్టివేసింది. కానీ ప్రభుత్వ విధానాలను విమర్శించే నాటికలలో పిల్లలను భాగస్వాములను చేయకపోవడం మంచిదన్న హితవు కూడా పలికింది. కేసు పోయింది, భయం మిగిలింది. సంరక్షణాధికారి పోస్టు ఖాళీగా ఉందని చెప్పే నాటిక ప్రభుత్వ విధానంపై విమర్శ అవునా, కాదా? వైవాహిక అత్యాచారంపై కేంద్రం వాదనను ప్రశ్నించే సంభాషణ రాజకీయమా, పాఠమా? ఈ ప్రశ్నలకు జవాబు తెలియని ప్రధానోపాధ్యాయుడు సహజంగానే తాగుబోతు భర్త నాటికనే ఎంచుకుంటాడు. వలస పాలకులు 1876లో తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టాన్ని రద్దు చేశామని చెప్పుకున్న పాలకులు దాని స్ఫూర్తిని మాత్రం బడి గుమ్మంలో కాపలా పెట్టారు.

నాలుగవ అభ్యంతరం నిజమైనది. వేదిక మీద జరుగుతున్నది తన ఇంటి కథే అయిన బిడ్డ ప్రేక్షకులలో ఉంటే ఏమిటి? నూరుమంది పిల్లల మధ్య దెబ్బల చప్పుడు, కేకలు వింటూ ఆ బిడ్డ పడే యాతనకు ఎవరు బాధ్యులు? నాటిక అయ్యాక ఆ పిల్ల టీచరు దగ్గరకు వచ్చి నోరు విప్పితే, మర్నాడు ఆ సంగతి తండ్రి చెవిన పడితే? ఈ ప్రశ్నకు సిద్ధం కాని బడి ఈ నాటకం వేయించకూడదు. దెబ్బను రంగస్థలం మీద చూపనక్కరలేదు, దాని ముందూ వెనకా చూపితే చాలు. ఏ పిల్ల సొంత కథనూ ఇతివృత్తంగా తీసుకోకూడదు. పాత్ర నుంచి బయటికి రావడానికి వ్యవధి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యంగా, విన్న తర్వాత ఏం చేయాలో తెలిసిన పెద్దవారొకరు ఆ ఆవరణలో ఉండాలి. గృహహింస జరుగుతున్నదని నమ్మడానికి కారణమున్న ఎవరైనా సంరక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చని, సదుద్దేశంతో ఇచ్చినవారిపై ఎలాంటి కేసూ నిలవదని చట్టం నాలుగవ సెక్షన్ చెబుతున్నది. ఎంతమంది ఉపాధ్యాయులకు ఈ సెక్షన్ గురించి శిక్షణలో చెప్పారు? 181, 1098 నంబర్లను గోడమీద రాయించడంతో బాధ్యత తీరిపోదు.

అడగవలసినవి

చట్టం పదకొండవ సెక్షన్ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మీద ఒక విధిని మోపింది. టీవీ, రేడియో, పత్రికల ద్వారా చట్టానికి క్రమబద్ధంగా ప్రచారం కల్పించాలి. దేశంలో అతి పెద్ద శ్రోతృసమూహం బడి గదులలోనే ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం నాటకాన్ని కళా విద్యలో భాగంగా గుర్తించింది, 2020 విద్యావిధానం కళలతో మేళవించిన బోధన గురించి గొప్పగా మాట్లాడింది. అయినా నాటక ఉపాధ్యాయుడి పోస్టు ఉన్న ప్రభుత్వ పాఠశాల కాగడా వేసి వెతికినా దొరకడం కష్టం.

కాబట్టి కోరవలసినది మరో వారోత్సవం కాదు. ఎనిమిదో తరగతి నుంచి ఏడాది పొడవునా కాలపట్టికలో నాటకానికి పీరియడ్, దానికి శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు, అబ్బాయిల తప్పనిసరి భాగస్వామ్యం, మండలానికి పూర్తికాలపు సంరక్షణాధికారి, బడికి ఒక సలహాదారు. విమర్శించినందుకు ఏ బడి మీదా కేసు ఉండదన్న లిఖితపూర్వక హామీ కూడా కావాలి. ఈ జాబితాలో ఒక్క అంశమైనా బడ్జెట్ లేకుండా జరగదు. అందుకే అన్ని పార్టీల ప్రణాళికలలోనూ మహిళలకు నగదు బదిలీ ఉంటుంది గాని ఇది ఉండదు.

వచ్చే మార్చి 8న నాటిక చూసేందుకు ముందు వరుసలో కూర్చునే మంత్రులను, ఎమ్మెల్యేలను, కలెక్టర్లను అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ మండలంలో సంరక్షణాధికారి ఎవరు, అతని కార్యాలయం ఎక్కడ? ఆ ప్రశ్న వేదిక మీది పాత్ర నోటి నుంచే, షీల్డు అందుకోవడానికి ముందే రావాలి. జవాబు చెప్పగలిగిన అతిథి ఉన్న బడిలో ఆ పూట నాటకం నిజంగా జరిగినట్టు.